ద్రాక్షలో కొమ్మ కత్తిరింపులు: అక్టోబరు పంటకు వేసవిలోనే పునాది

అక్టోబరులో కత్తిరించిన ద్రాక్ష తోట సుమారు రెండు వారాలలో చిగురిస్తుంది. చిగుళ్లు పుష్టిగా ఉన్నప్పటికీ, వాటిలో పూగుత్తులకు బదులు నులితీగలే కనిపిస్తే ఆ ఏటి పెట్టుబడి వృథా అయినట్లే. అటువంటి తోటలలో రైతులు సాధారణంగా అక్టోబరు కత్తిరింపునే తప్పుపడతారు. వాస్తవానికి అనేక సందర్భాలలో ఆ లోపం వేసవిలోనే సంభవించి ఉంటుంది.

సమశీతోష్ణ దేశాలలో ద్రాక్ష చలికాలంలో ఆకు రాల్చి నిద్రావస్థకు చేరుతుంది గనుక ఏటా ఒక్క కత్తిరింపు సరిపోతుంది. ఉష్ణమండలంలో తీగకు ఆ విశ్రాంతి లేదు. అందువల్ల హైదరాబాదు పరిసరాల పందిరి తోటలలో రెండు కత్తిరింపులు, ఒకే పంట అనే విధానం స్థిరపడింది.

వేసవి కత్తిరింపు

పంట కోత ముగిసి, తీగకు కొంత విరామం ఇచ్చిన తరువాత, ఏప్రిల్ ప్రాంతంలో ప్రతి కొమ్మను మొదట ఒకటి రెండు కణుపులు మాత్రమే ఉంచి కత్తిరించాలి. కొత్త రెమ్మల కణుపు మొగ్గలలో సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య ఫలాంకురం రూపొందుతుంది. తొలిదశలో అది పూగుత్తిగానైనా, నులితీగగానైనా మారగలదు. సైటోకైనిన్లు దానిని పూగుత్తి వైపునకు, జిబ్బరెల్లిన్లు నులితీగ వైపునకు మళ్లిస్తాయి. నత్రజని, నీరు అధికమైనా, పందిరి గుబురై మొగ్గలకు వెలుతురు సోకకపోయినా ఫలాంకురాలు తగ్గుతాయి. కాబట్టి ఈ దశలో అదనపు రెమ్మలను తొలగించి, మిగిలిన వాటి కొనలు తుంచి, నత్రజనిని, నీటిని మితంగా ఇవ్వాలి. తరువాత వచ్చే వర్షాకాలంలో ఆకులను తెగుళ్ల నుంచి కాపాడాలి.

అక్టోబరు కత్తిరింపు

ఎన్ని కణుపులు ఉంచాలన్నది రకాన్ని బట్టి మారుతుంది. అనాబ్-ఎ-షాహిలో సాధారణంగా 5 నుంచి 6 కణుపులు ఉంచుతారు. థామ్సన్ సీడ్‌లెస్‌లో అంతకంటే ఎక్కువ అవసరం. అయితే ఒకే రకంలోనూ తోటకూ తోటకూ వ్యత్యాసం ఉంటుంది. కత్తిరింపునకు ముందు తోటలో వేర్వేరు చోట్ల నుంచి కొమ్మలు సేకరించి, మొగ్గలను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తే ఫలాంకురాలు ఏ కణుపులో ఉన్నాయో స్పష్టమవుతుంది. ఆ కణుపునకు పైభాగాన కత్తిరించాలి.

వర్షాలు ఆగకముందే కత్తిరిస్తే లేత చిగుళ్లకు బూజు తెగులు సోకుతుంది. ఆలస్యమైతే చలి వల్ల మొగ్గలు సరిగా విచ్చుకోవు. మొగ్గలు ఏకకాలంలో చిగురించడానికి వాడే హైడ్రోజన్ సయనమైడ్ విషపూరితం. కూలీలు తప్పనిసరిగా చేతితొడుగులు, కళ్లద్దాలు ధరించాలి. మందు పూసే రోజులలోనూ, ఆ తరువాత కొన్ని రోజులూ మద్యం సేవించరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు అక్టోబరు ప్రదర్శనలతో సరిపెట్టక, మే, జూన్ నెలలలోనూ ద్రాక్ష తోటలను సందర్శించడం అవసరం. లోపాన్ని సరిదిద్దే అవకాశం అప్పుడే ఉంటుంది. గుత్తులు రాలేదని అక్టోబరు చివర గుర్తించిన రైతుకు మనం ఇవ్వగల సలహా మరుసటి సంవత్సరానికి మాత్రమే పనికివస్తుంది.