వార్ థండర్‌లోకి అర్జున్ ఎంకే-1ఏ వస్తే: 68 టన్నులు, అదే 1400 హెచ్‌పీ ఇంజిన్... నిలబడుతుందా?

ఫోన్ కొత్త మోడల్ 20 గ్రాములు ఎక్కువ తూగితేనే మనం గోల గోల చేస్తాం. మరి ఇంజిన్ పాతదే ఉంచి, బరువు మాత్రం దాదాపు 10 టన్నులు పెంచిన ట్యాంకును ఏమనాలి? అర్జున్ ఎంకే-1 బరువు 58.5 టన్నులు. అప్‌గ్రేడ్ అయిన ఎంకే-1ఏ 68 టన్నులు దాటింది. రెండింట్లోనూ ఉన్నది జర్మన్ కంపెనీ ఎంటీయూ తయారుచేసిన 1400 హెచ్‌పీ డీజిల్ ఇంజినే.

ఈ ట్యాంకును వార్ థండర్‌లో పెట్టండి అని మన ప్లేయర్లు గట్టిగా అడుగుతున్నారు. నేనూ అడిగే బ్యాచే. కాకపోతే "మనది కాబట్టి టాప్‌లో ఉండాలి" అంటే పని జరగదు. గేమ్ ఇంజిన్‌కి దేశభక్తి తెలీదు, నంబర్లే తెలుసు. అందుకే ఆ నంబర్లు ఏం చెప్తాయో ఒకసారి చూద్దాం. (పీసీ, కన్సోల్ వెర్షన్ గురించే మాట్లాడుతున్నా. మొబైల్ వెర్షన్ లెక్కలు వేరు.)

ముందు అసలు ట్యాంక్ గురించి రెండు ముక్కలు. డిజైన్ చేసింది చెన్నై దగ్గర ఆవడిలో ఉన్న డీఆర్‌డీఓ ల్యాబ్ సీవీఆర్‌డీఈ. ప్రాజెక్టుకు అనుమతి 1974లో వచ్చింది, అంటే మనలో చాలామంది నాన్నలు అప్పటికి నిక్కర్లలో ఉండి ఉంటారు. ఎంకే-1లు 124 తయారయ్యాయి. 2021 ఫిబ్రవరిలో చెన్నైలో ఎంకే-1ఏను సైన్యానికి అప్పగించారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో 118 ట్యాంకులకు రూ. 7,523 కోట్ల ఆర్డర్ పడింది. పాతదానితో పోలిస్తే 72 కొత్త ఫీచర్లు అని అధికారిక ప్రకటన. ఫోన్ లాంచ్‌లో చెప్పే "100కు పైగా ఏఐ ఫీచర్లు" గుర్తొచ్చింది కదా? అయితే ఇక్కడ అసలు సరుకు ఉంది. కమాండర్‌కి పగలూ రాత్రీ పనిచేసే పనోరమిక్ సైట్, ఆటోమేటిక్ టార్గెట్ ట్రాకింగ్, రిమోట్‌తో నడిచే 12.7 మి.మీ గన్, లేజర్ వార్నింగ్ సిస్టమ్, ఒంటినిండా ఈఆర్‌ఏ పలకలు, ముందు మైన్‌లను తవ్వి పక్కకు నెట్టే నాగలి.

ఇప్పుడు గేమ్‌కి వద్దాం. టన్నుకి ఎన్ని హెచ్‌పీ అన్నది ఫోన్‌లో బెంచ్‌మార్క్ స్కోర్ లాంటిది. అదొక్కటే చూసి తీర్పు ఇవ్వకూడదు, కానీ చూడకుండా ఉండలేం. ఎంకే-1కి అది 23.9. ఎంకే-1ఏకి 20.6కి పడిపోయింది. టీ-90ఎస్‌కి 21.5 దాకా వస్తుంది, చాలెంజర్ 2కి 19 చిల్లర. అంటే ఎంకే-1ఏ మరీ ఎద్దుబండి కాదు, కానీ మ్యాచ్ మొదలవగానే పరిగెత్తి పాయింట్ పట్టుకునే రకమూ కాదు. లెపర్డ్ 2 ఆడి అలవాటైన వాళ్లకి మొదటి రెండు మ్యాచ్‌లు చిరాకు గ్యారంటీ.

ప్లస్ ఏంటంటే రివర్స్. టీ-72, టీ-90 ఆడినవాళ్లకి ఆ బాధ తెలుసు: వెనక్కి గంటకు నాలుగైదు కిలోమీటర్లు మించి కదలవు. మూల దాటి తొంగి చూశామా, ఇక అంతే. అర్జున్‌లో రెంక్ ట్రాన్స్‌మిషన్ ఉంది, రివర్స్‌కి రెండు గేర్లు. కాల్చి, వెనక్కి తగ్గి, లోడ్ చేసుకుని మళ్లీ రావచ్చు. పైగా హైడ్రోన్యూమాటిక్ సస్పెన్షన్ కాబట్టి గతుకుల్లో గన్ ఎగిరెగిరి పడదు.

నాకు బాగా ఆసక్తిగా అనిపించేది గన్. 120 మి.మీ రైఫిల్డ్ గన్, అంటే గొట్టం లోపల మెలికల గాళ్లు ఉంటాయి. ప్రపంచంలో చాలామంది స్మూత్‌బోర్‌కి వెళ్లిపోయారు. ఈ సైజులో రైఫిల్డ్‌ని పట్టుకుని కూర్చున్న పెద్ద సైన్యాలు బ్రిటన్, మనం. ఇప్పుడు బ్రిటన్ కూడా చాలెంజర్ 3తో స్మూత్‌బోర్‌కి మారిపోతోంది. రైఫ్లింగ్ వల్ల షెల్ గిరగిరా తిరుగుతుంది. హెష్ లాంటి పేలుడు షెల్‌కి అది మంచిది. కానీ ట్యాంకులను చీల్చే పొడవాటి బాణం లాంటి షెల్‌కి ఆ తిరుగుడు అక్కర్లేదు, పైగా అడ్డం. అందుకే దాని చుట్టూ జారే రింగు వేసి తిరగడం తగ్గిస్తారు.

ఇక్కడే ప్రపోజల్ రాసేవాళ్లకి మంచి పాయింట్ ఉంది. ఆ బాణం ఎంత మందం చీలుస్తుందో వార్ థండర్ చేత్తో వేసిన నంబర్‌గా పెట్టదు. లాంజ్-ఓడర్‌మాట్ అనే ఫార్ములా వాడుతుంది. బాణం పొడవు, మందం, లోహం సాంద్రత, వేగం ఇస్తే ఫలితం అదే వస్తుంది. కాబట్టి "మన షెల్ ఇంత చీలుస్తుందంట" అని ఎక్కడో విన్న మాట రాయడం కన్నా, ఎగ్జిబిషన్‌లో పెట్టిన షెల్ ఫోటో నుంచి కొలతలు తీసి ఇవ్వడం వంద రెట్లు బెటర్. మన బాణాలు టంగ్‌స్టన్ మిశ్రమంతో తిరుచిరాపల్లిలో తయారవుతాయి. ఆ లోహం టెక్నాలజీ వెళ్లింది హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్ నుంచే. వీటికి తోడు థర్మోబారిక్ షెల్, గోడను చీల్చుకుని లోపలికెళ్లి పేలే షెల్ కూడా అర్జున్ కోసం అభివృద్ధి చేశారు. గేమ్‌లో సరదాగా ఉంటాయి.

గన్ నుంచి వదిలే మిస్సైల్ గురించి కూడా అడుగుతారు. 2020 సెప్టెంబర్‌లో అహ్మద్‌నగర్ దగ్గర రేంజ్‌లో అర్జున్ నుంచి లేజర్ గైడెడ్ మిస్సైల్ పరీక్షించి, 3 కిలోమీటర్ల దూరంలో టార్గెట్‌ను కొట్టారు. నా ఓటు మాత్రం మొదటి విడతలో అది వద్దనే. గేమ్‌లో ఎక్కువ మ్యాప్‌ల్లో ఫైట్ కిలోమీటరు లోపే అయిపోతుంది. మిస్సైల్ ఉందని బీఆర్ పెంచేస్తే నష్టం మనకే.

కంచన్ ఆర్మర్ దగ్గర జాగ్రత్త

ఇక కవచం. కంచన్ అన్న పేరు ఎక్కడిదో తెలుసా? మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌ది. డీఎంఆర్‌ఎల్ ఉన్నది అక్కడే, ఆర్మర్ పుట్టిందీ అక్కడే. అది ఎన్ని మిల్లీమీటర్ల స్టీల్‌కి సమానం అన్నది సీక్రెట్. గేమ్‌కేమో ప్రతి పలకకీ ఒక నంబర్ కావాలి. కాబట్టి డెవలపర్లు అంచనా వేస్తారు. ఆ అంచనా మనకి తక్కువగా అనిపిస్తుంది. అప్పుడు ఎవడో ఒకడికి చెయ్యి దురద పెడుతుంది.

ఇది ఊహ కాదు. 2021లో చాలెంజర్ 2 మోడల్ తప్పని నిరూపించడానికి ఒకతను దాని మాన్యువల్ పేజీలు ఆన్‌లైన్‌లో పెట్టేశాడు. అదే ఏడాది ఫ్రాన్స్ లెక్లెర్క్‌ది, 2022లో చైనా ట్యాంక్ షెల్‌ది బయటికొచ్చాయి. గేమ్ చేసే గైజిన్ వాటిని తీసేసింది, వాడలేదు కూడా. అంటే ఉద్యోగం, స్వేచ్ఛ పణంగా పెట్టి పోస్ట్ చేస్తే గేమ్‌లో ఒక్క మిల్లీమీటర్ కూడా పెరగలేదన్నమాట.

ఈ సైట్ చదివే వాళ్లలో కంచన్‌బాగ్ వైపు ఉండేవాళ్లు ఉంటారు. నాన్నో, బాబాయో, సీనియర్ అక్కో ల్యాబ్‌లో పనిచేసే ఇళ్లు మనకి కొత్తేం కాదు. డైనింగ్ టేబుల్ దగ్గర విన్న ఒక్క నంబర్ కూడా ప్రపోజల్‌లో రాయకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. 1923 నాటి అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్‌కి గేమ్ అని మినహాయింపు లేదు. దెబ్బ పడేది మీకొక్కరికే కాదు, ఇంట్లో ఆ ఉద్యోగం చేసే మనిషికి కూడా.

బహిరంగంగా ఉన్నదే చాలా ఉంది నిజానికి. రిపబ్లిక్ డే పరేడ్ వీడియోలు, డిఫెన్స్ ఎక్స్‌పో ఫోటోలు, పార్లమెంటు సమాధానాలు, డీఆర్‌డీఓ స్వయంగా అచ్చువేసే పుస్తకాలు. వీటితో టరెట్ ఆకారం, ఈఆర్‌ఏ ఎక్కడెక్కడ ఉందో, సైట్ ఎక్కడుందో గీసేయొచ్చు. కవచం నంబర్ మాత్రం వదిలేయండి. డెవలపర్లే వేసుకుంటారు.

ఏ ట్రీలో అన్నది ఇంకో తలనొప్పి. విజయంత, భీష్మ లాంటి మన ట్యాంకులు గేమ్‌లో బ్రిటిష్ ట్రీలోనే ఉన్నాయి. విజయంత అంటే వికర్స్ డిజైన్ కాబట్టి సర్దుకోవచ్చు. ఆవడిలో పుట్టిన అర్జున్ కూడా బ్రిటిష్ జెండా కిందేనా అంటే కొంచెం గుచ్చుకుంటుంది. కానీ ప్రత్యేకంగా ఇండియన్ ట్రీ వేస్తే కింది ర్యాంకులన్నీ షెర్మన్, సెంచూరియన్, ఏఎంఎక్స్-13, పీటీ-76లతోనే నిండాలి. అవన్నీ ఇప్పటికే వేరే ట్రీల్లో ఉన్నవే. మళ్లీ అవే గ్రైండ్ చేయడానికి మీరు రెడీనా? నేనైతే కాదు.

నా వరకు ఇలా పెడితే బాగుంటుంది: ముందు ఎంకే-1, తేలిక బరువుతో, ఈఆర్‌ఏ లేకుండా కాస్త తక్కువ బీఆర్‌లో. దాని తర్వాత ఎంకే-1ఏ, చాలెంజర్ 2 పక్కన. మైసూరులో 2024 మార్చిలో తొలిసారి స్టార్ట్ చేసిన 1500 హెచ్‌పీ దేశీ ఇంజిన్‌ను ఇందులో కలపమని మాత్రం అడగొద్దు, అది టెస్ట్ బెడ్ మీద నడిచింది, ఈ ట్యాంకులో కాదు. ఇంకో మాట, డబ్బులు పెట్టి కొనే ప్రీమియం ప్యాక్‌గా మాత్రం తేకండి. హాస్టల్ వైఫైతో గ్రైండ్ చేసే వాళ్లకి కూడా దొరకాలి.