బోరు నీళ్ళు పెట్రోలు వాసన కొడితే జీవామృతం కాదు, ముందు పరీక్ష!

చిలకలూరిపేట వైపు నుంచి ఒక మిర్చి రైతు ఫోన్ చేశారు. ఆయన పొలం పక్కనే పాత పెట్రోలు బంకు ఉంది. మోటారు ఆన్ చేసిన మొదటి పది నిమిషాలు నీళ్ళు పెట్రోలు వాసన కొడుతున్నాయట. "అన్నా, జీవామృతం రెట్టింపు పారిస్తే సరిపోతుందా?" అని అడిగారు. సరిపోదు. ఎందుకో పై వీడియోలో చెప్పాను. వీడియోలో పట్టని వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

నేల కింద ఏం జరుగుతుంది?

బంకులో పెట్రోలు, డీజిల్ నేలలో పాతిన ట్యాంకుల్లో ఉంటాయి. ట్యాంకు తుప్పు పట్టినా, పైపు జాయింటు వదులైనా పైకి ఏమీ కనపడదు. కారిన పెట్రోలు మట్టి సందుల్లోంచి దిగి, నీటిమట్టం దగ్గర ఆగుతుంది. నీటికన్నా తేలిక కాబట్టి అక్కడ తెట్టులా తేలుతూ, భూగర్భ జలం ఎటు వాలితే అటు సాగుతుంది. అందులోని బెంజీన్, టోలీన్ లాంటివి మెల్లగా నీళ్ళలో కరుగుతాయి.

బెంజీన్ క్యాన్సర్ తెచ్చే పదార్థం. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన పెట్రోల్లో బెంజీన్ 1 శాతం వరకు ఉండొచ్చు. అంటే లీటరు పెట్రోల్లో సుమారు 8.8 గ్రాములు. లెక్క వేసి చూడండి, ఆ ఒక్క లీటరులోని బెంజీన్ 8 లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దు దాకా తేగలదు.

మన నల్లరేగడి తడిగా ఉంటే బంక కట్టి నూనెను నెమ్మదిగా పోనిస్తుంది. ఎండాకాలం నెర్రెలు విచ్చితే అదే నేల దారి ఇస్తుంది. కింద రాతి పగుళ్ళలోకి చేరిందంటే ఇంకా చిక్కు. పక్క బోరు బాగానే ఉండి, దూరంగా ఉన్న బోరు పాడవ్వచ్చు.

తెలుగువాళ్ళు చాలామంది ఉండే ఉత్తర చెన్నైలోని తండయార్‌పేటలో 2013లో ఇళ్ళ బోర్లలో నూనె వచ్చింది. భారత్ పెట్రోలియం భూగర్భ పైప్‌లైన్ లీకైనట్టు తేలింది. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్‌ దాకా వెళ్ళింది. నేల కింది నూనె తోడటానికి ఏళ్ళు పట్టింది.

పరిశోధన ఎలా చేస్తారు?

ముందు బంకు లెక్కలు చూస్తారు. వచ్చిన సరుకు, అమ్మిన సరుకు, కడ్డీతో కొలిచిన నిల్వ సరిపోవాలి. రోజూ కొంచెం తరుగు కనపడుతుంటే అనుమానం. తర్వాత ట్యాంకుకూ పైపులకూ లీకు పరీక్ష.

రెండోది, నీటి వాలు. చుట్టుపక్కల కనీసం మూడు బావుల నీటిమట్టాలు కొలిస్తేగానీ నీళ్ళు ఎటు నడుస్తున్నాయో తెలియదు.

మూడోది, మట్టి. ట్యాంకుల చుట్టూ రంధ్రాలు వేసి వేర్వేరు లోతుల్లో నమూనా తీస్తారు. ఆవిరిని పసిగట్టే మీటరు ఏ లోతులో ఎక్కువ చూపిస్తే అక్కడి మట్టి ల్యాబుకు వెళ్తుంది. చివరికి పరిశీలన బావులు వేసి, తేలే పొర మందం, కరిగిన బెంజీన్ కొలుస్తారు.

జీవామృతం సంగతి

పెట్రోలును తినే బ్యాక్టీరియా నేలలో సహజంగానే ఉంటుంది. ఇది నిజం. కానీ దానికి గాలి కావాలి. కింది పొరల్లో గాలి త్వరగా అయిపోతుంది. పైగా ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్‌ను సూక్ష్మజీవులు ముందు తినేస్తాయి, బెంజీన్ వంతు వెనకపడుతుంది. మనం పైన పోసే జీవామృతం పై మట్టికి మేలు చేస్తుందిగానీ పదుల అడుగుల కింద తేలే పెట్రోలును తాకదు. లీకు ఆపాలి, తేలే పొర తోడాలి, తర్వాత నేలలోకి గాలి పంపాలి. అప్పుడే సూక్ష్మజీవి పని మొదలు. ప్రకృతి సేద్యం మీద నమ్మకం ఉన్నవాళ్ళం కాబట్టే అది చెయ్యలేని పని చేస్తుందని చెప్పకూడదు.

మీరు చెయ్యాల్సినవి

1. ముందు మీ మోటారు చూసుకోండి. ఆయిల్ నింపే సబ్‌మెర్సిబుల్ మోటారు సీలు పోయినా నీళ్ళలో నూనె వస్తుంది.
2. నీళ్ళ మీద రంగుల పొరను పుల్లతో కదపండి. పెంకుల్లా విరిగితే అది ఇనుము వల్ల వచ్చేది కావచ్చు. మళ్ళీ కలిసిపోతే నూనె అనుకోండి.
3. వాసన ఉన్న నీళ్ళు తాగొద్దు, పశువులకు పెట్టొద్దు, పంటకు పారించొద్దు. బావిలోకి దిగొద్దు, దగ్గర అగ్గిపుల్ల గీయొద్దు.
4. సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలే ఉంటాయి. పెట్రోలు అందులో లేదు. కార్డు బాగుందని నిశ్చింతగా ఉండొద్దు. బెంజీన్ చూసే గుర్తింపు పొందిన ల్యాబుకే పంపండి. చిన్న గాజు సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, ఐసులో పెట్టి పంపాలి. ప్లాస్టిక్ బాటిల్ పనికిరాదు.
5. తేదీలు, ఫోటోలు, పక్క రైతుల బోర్ల వివరాలు పుస్తకంలో రాసుకోండి. కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

పాడు చేసినవాళ్ళే బాగుచేసే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లో రాజస్థాన్‌లోని బిచ్చిరి గ్రామం బావుల కేసులో చెప్పింది. 2010 నాటి హరిత ట్రిబ్యునల్ చట్టంలోనూ ఆ సూత్రం ఉంది. నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్ళడానికి కారణం మొదలైన నాటి నుంచి ఐదేళ్ళ గడువు. మన రాష్ట్రానికి చెన్నై బెంచి.

హైవే పక్క పొలం కొనేవాళ్ళు, కౌలుకు తీసుకునేవాళ్ళు బంకు ఎన్నేళ్ళ నుంచి ఉందో అడగండి. అడ్వాన్సు ఇచ్చే ముందే బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. సీసా నింపే పద్ధతి వీడియో చివర్లో చూపించాను, చూసి అలాగే చెయ్యండి.