కౌన్సెలర్ ఉంటే చాలదు.. టైమ్ కూడా ఉండాలి!

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరప కోతలు జోరుగా సాగుతుంటాయి. సరిగ్గా అప్పుడే పదో తరగతి పిల్లలకు పబ్లిక్ పరీక్షల టెన్షన్ మొదలవుతుంది. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చే కూలీల వెంట వాళ్ల పిల్లలూ బడి మానేసి వచ్చేస్తారు. ఇటు చూస్తే పత్తి అప్పుల గొడవల మధ్య చదువుకునే అమ్మాయి, మార్కులు తగ్గితే ఇంట్లో ఏమంటారోనని నిద్రపట్టని కుర్రాడు. వీళ్ల గోడు వినేదెవరు?

నేను చూసినంతవరకు మా వైపు గవర్నమెంట్ స్కూళ్లలో ఆ పనీ క్లాస్ టీచర్‌దే. పాఠం చెప్పాలి, యాప్‌లో హాజరు వేయాలి, మధ్యాహ్న భోజనం లెక్కలు ఎక్కించాలి. ఆ తర్వాత టైమ్ మిగిలితే పిల్లల మనసు సంగతి!

చట్టం ఏమంటోంది?

2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు.. ఈ మూడూ తప్ప టీచర్లకు చదువుతో సంబంధం లేని పనులు అప్పగించకూడదు. వాళ్ల పని గంటలు, పాఠాల తయారీతో కలిపి, వారానికి కనీసం 45 అని కూడా చట్టం చెబుతోంది. అందులో పిల్లలతో విడిగా మాట్లాడటానికి ఎన్ని గంటలన్నది మాత్రం లేదు.

సుప్రీంకోర్టు మాట

విశాఖలో నీట్‌కు ప్రిపేరవుతున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు కీలక మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఒక్కరైనా ఉండాలంది. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి.

మంచిదే. కానీ నా భయం వేరే ఉంది. రేపు కౌన్సెలర్ వచ్చాక ఆయన్నీ డేటా ఎంట్రీకి కూర్చోబెడితే? సెలవు పెట్టిన టీచర్ బదులు క్లాసుకు పంపిస్తే?

టెక్సాస్ లెక్క

మన తెలుగువాళ్లు బోలెడుమంది ఉండే టెక్సాస్‌లో ఇదే సమస్య వచ్చింది. పరీక్షల నిర్వహణ లాంటి పనులతోనే కౌన్సెలర్లకు పొద్దు గడిచిపోయేది. దాంతో 2021లో అక్కడ చట్టం తెచ్చారు. కౌన్సెలర్ పని సమయంలో కనీసం 80 శాతం కౌన్సెలింగ్‌కే వెళ్లాలన్నది దాని సారాంశం. మన 45 గంటల వారానికి ఆ లెక్క వేస్తే 36 గంటలు! అందులో సగం దక్కినా మన పిల్లలకు ఎంత ఊరటో ఆలోచించండి.

అందుకే పోస్టు ఒక్కటే అడిగితే చాలదు, గంటలు కూడా అడగాలి. మీ ఊరి స్కూల్లో పేరెంట్స్ కమిటీ మీటింగ్ జరిగినప్పుడు అమ్మానాన్నలతో ఈ ప్రశ్న వేయించండి: 'మా పిల్లలు చెప్పేది వినడానికి వారంలో ఏ పీరియడ్ కేటాయించారు?'

అప్పటిదాకా మనసు బరువెక్కితే ఒక్కరే మోయొద్దు. టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ నంబర్ మీ ఫోన్లో సేవ్ చేసుకోండి, మీ ఫ్రెండ్‌కూ పంపండి.