భాగం - 9: దిగుమతి సుంకాలు, ఖాళీ అరలు – అమెరికా డిస్కౌంటు దుకాణాల ఉదాహరణ

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• దిగుమతి సుంకం వస్తువు ధరను, లభ్యతను ఏ విధంగా ప్రభావితం చేస్తుందో వివరించగలుగుతారు.
• ధర పెరగడానికి, వస్తువు దొరకకపోవడానికి గల తేడాను గుర్తించగలుగుతారు.
• ఒక దుకాణంలో అరలు ఖాళీగా ఉన్నప్పుడు దానికి సుంకమే కారణమా, మరొకటి కారణమా అని పరీక్షించగలుగుతారు.

9.1 పరిచయం

గత భాగంలో సుంకాల రకాలను, వాటి వల్ల ప్రభుత్వానికి వచ్చే రాబడిని గురించి తెలుసుకున్నారు. ఈ భాగంలో ఒక నిర్దిష్టమైన ప్రశ్నను తీసుకుందాం. 2025 వసంతంలో అమెరికా ప్రభుత్వం చైనా వస్తువులపై సుంకాలను భారీగా పెంచింది. దీనివల్ల దుకాణాల్లో అరలు ఖాళీ అవుతాయని వ్యాపారులు, రేవుల అధికారులు హెచ్చరించారు. ముఖ్యంగా డిస్కౌంటు దుకాణాలకు ఈ ముప్పు ఎక్కువన్నారు. ఆ హెచ్చరికకు ఆర్థిక సిద్ధాంతంలో ఆధారం ఉందా? అది ఎంతవరకు నిజమైంది?

ముందుగా ఒక పదాన్ని స్పష్టం చేసుకోవాలి. డిస్కౌంటు దుకాణం అంటే మన చౌకధరల దుకాణం కాదు. చౌకధరల దుకాణం ప్రభుత్వ పంపిణీ వ్యవస్థలో భాగం. డిస్కౌంటు దుకాణం లాభం కోసం నడిచే ప్రైవేటు వ్యాపారం. మన జాతరల్లో, సంతల్లో ‘ఏది తీసుకున్నా పది రూపాయలే’ అని అమ్మే బండ్లను మీరు చూసే ఉంటారు. అదే పద్ధతిని వేల దుకాణాల స్థాయికి పెంచితే అమెరికాలోని ‘డాలర్ స్టోర్’ అవుతుంది. తక్కువ ఆదాయం గల కుటుంబాలు, పెద్ద సూపర్ మార్కెట్లు లేని పల్లెల వారు వీటిపై ఎక్కువగా ఆధారపడతారు. కనుక ఇక్కడ అర ఖాళీ అయితే ఆ భారం మొదట పడేది పేదల మీదనే.

9.2 సుంకాల పెంపు – కాలక్రమం

చైనా వస్తువులలో చాలావాటిపై 2018 నుంచే అదనపు సుంకాలు ఉన్నాయి. వాటిపైన 2025లో వచ్చిన మార్పులు ఇవి:

ఫిబ్రవరి 4: అదనంగా 10 శాతం.
మార్చి 4: ఆ 10 శాతం 20 శాతమైంది.
ఏప్రిల్ రెండో వారం: వరుస పెంపుల తరవాత మొత్తం 145 శాతం.
మే 14: జెనీవా చర్చల ఫలితంగా 30 శాతానికి తగ్గింపు.

ఇక్కడ రెండు విషయాలను గమనించండి. మొదటిది, 145 శాతం రేటు అమలులో ఉన్నది సుమారు ఐదు వారాలు మాత్రమే. రెండవది, సుంకాన్ని దుకాణంలోని అమ్మకం ధర మీద లెక్కించరు. సరుకు దేశంలోకి ప్రవేశించేటప్పుడు ప్రకటించే కస్టమ్స్ విలువ మీద లెక్కిస్తారు. దాన్ని ప్రభుత్వానికి చెల్లించేది చైనా కాదు, అమెరికాలోని దిగుమతిదారు. ఆ భారంలో కొంత చైనా ఉత్పత్తిదారు ధర తగ్గించడం ద్వారా భరించవచ్చు, కొంత దిగుమతిదారు లాభం నుంచి పోవచ్చు, మిగిలినది వినియోగదారునికి బదిలీ కావచ్చు. ఎవరి వాటా ఎంత అన్నది డిమాండు, సప్లయిల వ్యాకోచత్వంపై ఆధారపడుతుంది.

9.3 సిద్ధాంతం ఏమి చెబుతుంది?

ప్రాథమిక డిమాండు–సప్లయి నమూనా ప్రకారం సుంకం వల్ల అరలు ఖాళీ కానవసరం లేదు. సుంకం విధించగానే సప్లయి రేఖ పైకి జరుగుతుంది. ధర పెరుగుతుంది, కొనే పరిమాణం తగ్గుతుంది. కొత్త ధర వద్ద కొనదలచిన వారికి వస్తువు దొరుకుతూనే ఉంటుంది. అంటే వస్తువు ప్రియమవుతుంది కాని కరువు కాదు. ఆర్థికశాస్త్రంలో కొరత అంటే, ఉన్న ధరకు కొనడానికి సిద్ధంగా ఉన్నవారికి కూడా వస్తువు దొరకకపోవడం. ధర స్వేచ్ఛగా మారగలిగిన మార్కెట్లో ఈ స్థితి ఎక్కువకాలం నిలవదు.

అయితే డాలర్ స్టోర్‌లో ధర స్వేచ్ఛగా మారదు. స్థిరమైన ధరే ఆ వ్యాపారానికి పునాది. 1986లో వర్జీనియా రాష్ట్రంలో మొదలైన డాలర్ ట్రీ సంస్థ మూడు దశాబ్దాలకు పైగా దాదాపు అన్ని వస్తువులను ఒక్క డాలరుకే అమ్మింది. 2021 చివరలో మాత్రమే ఆ ధరను 1.25 డాలర్లకు మార్చింది. ప్రభుత్వం గరిష్ఠ ధరను నిర్ణయిస్తే కొరత ఏర్పడుతుందని మీరు చదివారు. ఇక్కడ దుకాణమే తనకు తాను ఒక గరిష్ఠ ధరను విధించుకుంది. అందువల్ల వ్యయం పెరిగినప్పుడు సర్దుబాటు ధరలో కాకుండా పరిమాణంలో, నాణ్యతలో, వస్తువుల ఎంపికలో జరుగుతుంది. పొట్లంలో పది ఉండవలసినవి ఎనిమిది అవుతాయి. కొన్ని వస్తువులు అసలు కనిపించకుండా పోతాయి.

9.4 ఒక లెక్క

ఒక ప్లాస్టిక్ బొమ్మను ఊహించుకుందాం. ఇవి అవగాహన కోసం తీసుకున్న అంకెలు మాత్రమే. పాత సుంకాలను లెక్కలోకి తీసుకోవడం లేదు.

అమ్మకం ధర: 125 సెంట్లు
కస్టమ్స్ విలువ: 50 సెంట్లు
రవాణా, గిడ్డంగి ఖర్చులు: 20 సెంట్లు
దుకాణం అద్దె, జీతాలలో ఈ వస్తువు వాటా: 35 సెంట్లు
లాభం: 20 సెంట్లు

10 శాతం సుంకమైతే 5 సెంట్లు. లాభం 15 సెంట్లకు తగ్గుతుంది.
30 శాతమైతే 15 సెంట్లు. లాభం 5 సెంట్లు.
145 శాతమైతే 72.5 సెంట్లు. 52.5 సెంట్ల నష్టం.

లాభం పూర్తిగా హరించుకుపోయే సుంకం రేటు ఎంత? 20ని 50తో భాగిస్తే 40 శాతం. కాని 40 శాతం దాటగానే దుకాణం ఆ బొమ్మను ఆపివేస్తుందని చెప్పలేం. స్వల్పకాలంలో సంస్థ ఉత్పత్తిని ఎప్పుడు నిలిపివేస్తుందో గుర్తు చేసుకోండి. చరవ్యయాలు రాబడితే చాలు, స్థిరవ్యయాలలో కొంత భాగమైనా వస్తుంది కనుక కొనసాగుతుంది. దుకాణం అద్దె, సిబ్బంది జీతాలు ఆ ఒక్క బొమ్మను మానేసినంత మాత్రాన తగ్గవు. వాటిని స్థిరవ్యయంగా భావిస్తే, సుంకం చెల్లించడానికి 125 నుంచి 70 తీసివేయగా 55 సెంట్లు మిగులుతాయి. 55ని 50తో భాగిస్తే 110 శాతం.

ఈ లెక్క ప్రకారం మూడు మండలాలు ఏర్పడతాయి. 40 శాతం లోపు సుంకమైతే వస్తువు అరలో ఉంటుంది, లాభం తగ్గుతుంది. 40 నుంచి 110 శాతం మధ్య కొంతకాలం ఉండవచ్చు, కాని అదే స్థలంలో మరింత లాభం ఇచ్చే వస్తువు దొరికితే దీన్ని తొలగిస్తారు. 110 శాతం దాటితే అమ్మిన ప్రతి బొమ్మా నష్టాన్ని పెంచుతుంది కనుక ఆర్డరు రద్దవుతుంది. 145 శాతం ఈ మూడో మండలంలోకి వస్తుంది. పాత లాభమే నిలవాలంటే ఆ బొమ్మను 197.5 సెంట్లకు, అంటే దాదాపు రెండు డాలర్లకు అమ్మాలి. 1.25 డాలర్ల దుకాణంలో అది సాధ్యం కాదు.

కనుక ‘సుంకాల వల్ల అరలు ఖాళీ అవుతాయా?’ అన్న ప్రశ్నకు ‘ఏ రేటు వద్ద?’ అన్నది తప్పనిసరిగా అడగవలసిన ఎదురు ప్రశ్న.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
పై ఉదాహరణలో కస్టమ్స్ విలువ 25 సెంట్లు, లాభం 45 సెంట్లు అయితే, లాభం సున్నా అయ్యే సుంకం రేటు ఎంత? ఖరీదు తక్కువ, మార్జిన్ ఎక్కువ గల వస్తువు గురించి ఇది ఏమి చెబుతుంది?

9.5 అన్ని డిస్కౌంటు దుకాణాలు ఒకటి కావు

డాలర్ ట్రీ తన సరుకులో సుమారు 40 శాతం వరకు నేరుగా దిగుమతి చేసుకుంటుంది. బొమ్మలు, పండుగ అలంకరణలు, పార్టీ సామాను, వంటింటి పరికరాలు అందులో ఎక్కువ. టెనెసీ రాష్ట్రం కేంద్రంగా 20 వేలకు పైగా దుకాణాలు నడిపే డాలర్ జనరల్ నేరుగా చేసుకునే దిగుమతులు సుమారు 4 శాతం మాత్రమే. దాని అమ్మకాల్లో అధికభాగం ఆహారం, సబ్బులు, కాగితపు వస్తువుల వంటి నిత్యావసరాలు. దీని సరఫరాదారులు కూడా కొంత దిగుమతి చేసుకుంటారు కనుక పరోక్ష ప్రభావం ఉంటుంది. అయినా ఒకే సుంకం ఈ రెండు సంస్థలను ఒకే విధంగా తాకదు. ‘డిస్కౌంటు దుకాణాలు’ అని గంపగుత్తగా మాట్లాడేటప్పుడు ఈ తేడా మరుగున పడుతుంది.

9.6 వాస్తవంగా ఏమి జరిగింది?

ఏప్రిల్‌లో చైనా నుంచి వచ్చే ఆర్డర్లు చాలావరకు నిలిచిపోయాయి. లాస్ ఏంజిలిస్ రేవు అధికారులు సరుకు రాక మూడో వంతుకు పైగా తగ్గవచ్చని నెలాఖరులో హెచ్చరించారు. పిల్లలకు 30 బొమ్మల బదులు 2 బొమ్మలే ఉండవచ్చునని, వాటి ధర కూడా కొంత పెరగవచ్చునని అధ్యక్షుడు ట్రంప్ ఏప్రిల్ 30న అన్నారు. పరిమాణం, ధర రెండూ మారతాయని ప్రభుత్వ పక్షమే అంగీకరించినట్లయింది.

కాని దేశవ్యాప్తంగా అరలు ఖాళీ కాలేదు. అందుకు ప్రధానంగా ఐదు కారణాలు:

(అ) ముందస్తు నిల్వలు: సుంకాలు రాబోతున్నాయని గ్రహించిన దిగుమతిదారులు 2025 తొలి నెలల్లోనే సరుకును అధికంగా తెప్పించుకున్నారు.

(ఆ) కాల వ్యవధి: చైనా నుంచి అమెరికా పశ్చిమ తీరానికి ఓడ ప్రయాణం రెండు, మూడు వారాలు పడుతుంది. అక్కడి నుంచి గిడ్డంగికి, దుకాణానికి చేరడానికి మరికొంత కాలం. పైగా ఏప్రిల్ పెంపుకు ముందే ఓడకెక్కిన సరుకుకు మినహాయింపు ఇచ్చారు.

(ఇ) రేటు తగ్గింపు: నిల్వలు తరిగిపోక ముందే సుంకం 145 నుంచి 30 శాతానికి దిగింది. మన ఉదాహరణలో ఇది మూడో మండలం నుంచి మొదటి మండలానికి తిరిగి రావడం.

(ఈ) ప్రత్యామ్నాయ వనరులు: వియత్నాం వంటి ఇతర దేశాల నుంచి కొనుగోళ్లు పెరిగాయి.

(ఉ) ధరల సడలింపు: డాలర్ ట్రీ అప్పటికే మూడు, ఐదు, ఏడు డాలర్ల వస్తువులను కూడా ప్రవేశపెట్టింది. ధర కదలగలిగిన మేరకు అర ఖాళీ కావలసిన అవసరం తగ్గింది.

మే నెలలో లాస్ ఏంజిలిస్ రేవులో సరుకు తగ్గినా, జులైలో 10 లక్షలకు పైగా కంటెయినర్ యూనిట్లతో ఆ రేవు చరిత్రలోనే అత్యధిక నెలసరి రికార్డు నమోదైంది. అంటే సుంకం సరుకును పూర్తిగా ఆపలేదు. ఒక నెలలో ఎండగట్టి మరో నెలలో వరదలా పంపింది. ఈ ఒడిదుడుకులు కూడా వ్యయమే. ఎక్కువ నిల్వకు గిడ్డంగి అద్దె, వడ్డీ చెల్లించాలి. పెద్ద సంస్థలు దీన్ని భరించగలిగాయి. నిల్వ పెట్టే స్థోమత లేని చిన్న దిగుమతిదారులకు ఇది కష్టమైంది.

9.7 ఖాళీ అరకు ఇతర కారణాలు

ఖాళీ అర కనిపించిన ప్రతిచోటా సుంకాన్ని నిందించడం తార్కిక దోషం. 2020లో మరుగుదొడ్డి కాగితం మాయమైంది భయంతో జరిగిన కొనుగోళ్ల వల్ల. 2021 చివరలో లాస్ ఏంజిలిస్, లాంగ్ బీచ్ రేవుల కోసం 100కు పైగా ఓడలు వేచి ఉన్నది రేవుల రద్దీ వల్ల. 2024లో 99 సెంట్స్ ఓన్లీ సంస్థ 371 దుకాణాలను మూసివేయాలని నిర్ణయించినప్పుడు వాటి అరలు ఖాళీ అయింది వ్యాపారం దెబ్బతినడం వల్ల.

సిబ్బంది కొరత మరో ముఖ్య కారణం. వెనుక గదిలో, నడవల్లో పెట్టెలు పేరుకుపోయి ఉంటాయి, వాటిని విప్పి అరల్లో సర్దే మనిషి ఉండడు. నడవలు, అత్యవసర ద్వారాలు సరుకుతో మూసుకుపోయినందుకు డాలర్ జనరల్ 2024లో కార్మిక శాఖతో 1.2 కోట్ల డాలర్ల ఒప్పందానికి రావలసివచ్చింది. సరుకు దుకాణంలోనే ఉండి అరలో లేకపోవడానికి ఏ సుంకమూ కారణం కాదు.

కారణాన్ని తేల్చడానికి నాలుగు పరీక్షలు ఉపయోగపడతాయి.

1. కాల పరీక్ష: సుంకం అమలైన రోజే అర ఖాళీ అయితే అది సుంకం ప్రభావం కాకపోవచ్చు. వారాలు, నెలల వ్యవధి ఉండాలి.
2. వస్తు పరీక్ష: ఖాళీ అయినవి దిగుమతి వస్తువులేనా? స్థానికంగా తయారయ్యే పాలు, రొట్టె కూడా లేకపోతే కారణం వేరు.
3. ప్రాంత పరీక్ష: ఒక దుకాణంలోనా, ఆ సంస్థ దుకాణాలన్నింటిలోనా? సుంకం దేశమంతటికీ ఒకటే.
4. ధర పరీక్ష: అదే వస్తువు ఇతర దుకాణాల్లో ఎక్కువ ధరకు దొరుకుతున్నదా? దొరికితే ఇది వ్యయం పెరుగుదల, స్థిర ధరల సమస్య.

నాలుగింటిలోనూ నెగ్గితేనే సుంకం బలమైన కారణమని చెప్పవచ్చు.

9.8 అవతలి గట్టు

దిగుమతిదారు ఆర్డరు రద్దు చేస్తే అవతలి దేశంలో సరుకు మిగిలిపోతుంది. 2025 ఆగస్టులో భారత వస్తువులపై అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆంధ్రప్రదేశ్ రొయ్యల రైతులు ఈ సమస్యనే ఎదుర్కొన్నారు. భారత రొయ్యలకు అమెరికా అతిపెద్ద మార్కెట్. అప్పట్లో తక్కువ సుంకం గల ఈక్వెడార్ నుంచి తెచ్చుకునే వీలుండేది కనుక అమెరికా దుకాణంలో అర నిండుగానే ఉండి ఉండవచ్చు. చెరువు గట్టున మాత్రం ధర పడిపోయింది. అర ఖాళీ కాలేదంటే నష్టం లేదని కాదు, నష్టం కంటికి కనిపించని చోటికి మారిందని అర్థం.

9.9 సారాంశం

సుంకం సాధారణంగా ధరను పెంచుతుంది, కొరతను సృష్టించదు. ధర స్థిరంగా ఉండే డాలర్ స్టోర్లలో మాత్రం, సుంకం చరవ్యయాన్ని అమ్మకం ధర కంటే పైకి నెట్టినప్పుడు వస్తువు అర నుంచి తప్పుకుంటుంది. 2025లో 145 శాతం రేటు ఆ స్థితిని తెచ్చింది. అది కొద్ది వారాలే ఉండటం, ముందస్తు నిల్వలు, ధరల సడలింపు వల్ల విస్తృతమైన కొరత తప్పింది. మిగిలిన ప్రభావం అధిక ధరలుగా, తగ్గిన ఎంపికగా నిలిచింది. ఆదాయంలో అధిక భాగాన్ని వస్తువులపై ఖర్చు చేసే పేద కుటుంబాలపై ఈ భారం దామాషా ప్రకారం ఎక్కువ. ఆ విధంగా సుంకం ఒక తిరోగామి పన్ను.

9.10 ముఖ్య పదాలు

కస్టమ్స్ విలువ: సుంకం లెక్కించడానికి ఆధారంగా తీసుకునే దిగుమతి విలువ.
కొరత: ఉన్న ధర వద్ద డిమాండు సప్లయిని మించిన స్థితి.
తిరోగామి పన్ను: ఆదాయం తగ్గేకొద్దీ ఆదాయంలో భారం శాతం పెరిగే పన్ను.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. స్థిర ధరల దుకాణాలపై దిగుమతి సుంకాల ప్రభావాన్ని సోదాహరణంగా వివరించండి.
2. 2025లో అమెరికాలో విస్తృతమైన వస్తు కొరత ఏర్పడకపోవడానికి కారణాలను విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. ధర పెరుగుదలకు, కొరతకు గల తేడా ఏమిటి?
2. మీ ఊరి దుకాణంలో ఇటీవల దొరకని ఒక వస్తువును తీసుకొని, 9.7లోని పరీక్షలలో వర్తించేవాటి ఆధారంగా కారణాన్ని నిర్ధారించండి.

‘మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1’ సమాధానం: 180 శాతం. కస్టమ్స్ విలువ తక్కువ, మార్జిన్ ఎక్కువ గల వస్తువు అధిక సుంకాన్ని కూడా తట్టుకొని అరలో నిలుస్తుంది.