ఇంటి సెల్లులకు తగిన ఛార్జరు

గృహనిర్వహణమున పెద్ద వ్యయములకంటె చిన్న వ్యయములే మనలను ఎక్కువగా మోసగించును. పెద్ద వస్తువును కొనునపుడు పదిమందిని విచారింతుము; చిన్న వస్తువు విషయమున అట్టి విచారణ యుండదు. నేడు టార్చిలైటు, పిల్లల ఆటబొమ్మలు, పెద్దల రక్తపుపోటు చూచు యంత్రము, గోడ గడియారము మున్నగునవి పెన్సిల్ సెల్లులతో నడచుచున్నవి. అవి తీఱిపోగానే క్రొత్తవి తెచ్చుట, ప్రాతవి చెత్తబుట్టలో వేయుట ప్రతి యింటను మామూలైనది. ఈ వ్యయమును తగ్గింపగోరి మన సోదరీమణులలో అనేకులు మరల మరల విద్యుత్తు నింపదగిన రీఛార్జబుల్ సెల్లులను కొనుచున్నారు. కాని కొన్ని నెలలకే అవి శక్తిహీనములగుటయు, ఇవి పేరునకేగాని పనికిరావని మూల పడవేయుటయు తఱచుగా జరుగుచున్నది. అనేక సందర్భములలో ఆ దోషము సెల్లులది కాదు. వానిని పోషించు ఛార్జరుది. కావున మంచి ఛార్జరును ఎన్నుకొను విధమును ఈ మాసమున వివరింపదలచితిమి.

మొదట సెల్లుల జాతిభేదమును ఎఱుగవలెను. సాధారణపు జింకు సెల్లులును, ఆల్కలైన్ సెల్లులును ఒకమాఱు వాడి విడువదగినవి. వీనిపై 1.5 వోల్టులని యుండును. వీనిని ఛార్జరులో పెట్టిన లోపలి ద్రవము వెలికి కాఱవచ్చును. ఒక్కొక్కప్పుడు సెల్లు పగులవచ్చును. మరల నింపదగిన పెన్సిల్ సెల్లులలో ఎక్కువగా వాడుకయందున్నది నికెల్ మెటల్ హైడ్రైడ్ అను జాతి. దానిపై 1.2 వోల్టులని యుండును. లిథియము అయాను సెల్లుల జాతి వేఱు. వానిని నింపు పద్ధతియు వేఱు. పెన్సిల్ సెల్లు ఆకారముననే 1.5 వోల్టుల లిథియము సెల్లులు కూడ ఇపుడు వచ్చుచున్నవి. వానిని వాని తయారీదారు చెప్పిన విధముననే నింపవలెను. ఆకారమును చూచి భ్రమపడక, పైనున్న అక్షరములను చదివిన పిదపనే ఛార్జరులో పెట్టుట క్షేమము.

ఇక ఛార్జరు చేయు పనిని చూతము. పొయ్యిమీద పాలు పెట్టిన గృహిణి, పొంగు వచ్చు క్షణమును కనిపెట్టి దింపును. కనిపెట్టువారు లేకున్న పాలు పొంగి పొయ్యిపాలగును. చౌకరకపు ఛార్జరు కనిపెట్టువారు లేని పొయ్యివంటిది. సెల్లు నిండినను, నిండకున్నను అది విద్యుత్తును పంపుచునే యుండును. దాని యెఱ్ఱదీపము ప్లగ్గులో విద్యుత్తు ఉన్నదని మాత్రమే తెలుపును. సెల్లు నిండినదని తెలుపదు. నిండిన సెల్లులోనికి ఇంకను వచ్చు విద్యుత్తు వేడిగాను వాయువుగాను మాఱును. ఆ వేడికి లోపలి ద్రవము క్రమముగా నెండి, సెల్లు తన బలమును కోల్పోవును. రాత్రి పెట్టి తెల్లవాఱి తీయు అలవాటు ఇట్టి ఛార్జరుతో ఎన్ని సెల్లులను చెడగొట్టునో చెప్ప నలవికాదు.

స్మార్ట్ ఛార్జరు అనబడునది ఈ కనిపెట్టు పనిని తానే చేయును. సెల్లు నిండుకొలది దాని వోల్టేజి మెల్లగా పెరిగి, నిండిన వెంటనే వోల్టులో కొన్ని సహస్రాంశములు మాత్రము తగ్గును. ఈ స్వల్పమైన తగ్గుదలను గుర్తించి మంచి ఛార్జరు విద్యుత్తును ఆపివేయును. ఆ గుర్తు తప్పిపోయినను, సెల్లు మితిమీఱి వేడెక్కినపుడు ఆపుటకు ఉష్ణమును కొలుచు సాధనమును, నిర్ణీతకాలము గడచిన పిదప ఆపుటకు గడియారమును అందు అమర్చబడి యుండవలెను. ఛార్జరు తెలివి యంతయు, ఎప్పుడు చాలించవలెనో తెలిసికొనుటయందే యున్నది.

అంగడికి పోయినపుడు మన సోదరీమణులు నాలుగు ప్రశ్నలు అడుగవలెను.

మొదటిది: ప్రతి సెల్లును వేఱువేఱుగా కనిపెట్టునా? కొన్ని ఛార్జరులు రెండేసి సెల్లులను జతగానే నింపును. జతలో ఒకటి సగము నిండియు, మఱియొకటి ఖాళీగాను ఉన్నచో, మొదటిది మితిమీఱి నిండును. రెండవది ఆకలితోనే మిగిలిపోవును. ప్రతి అఱకును వేఱు దీపము గలదియే కొనదగినది.

రెండవది: ఎంత విద్యుత్తును పంపును? ఇది మిల్లీ ఆంపియరులలో వ్రాయబడి యుండును. 2000 మిల్లీ ఆంపియరు గంటల డబుల్ ఏ సెల్లును 500 మిల్లీ ఆంపియరులతో నింపుటకు లెక్క ప్రకారము 4 గంటలు. కొంత వేడిగా నష్టపడుటచే సుమారు 5 గంటలు పట్టును. డబుల్ ఏ సెల్లునకు 500 నుండి 1000 వఱకును, చిన్నదగు ట్రిపుల్ ఏ సెల్లునకు 300 నుండి 500 వఱకును పంపునది ఇంటికి తగినది. పావుగంటలోనో అరగంటలోనో నింపెదమను యంత్రములు సెల్లును మిక్కిలి వేడెక్కించును. మిక్కిలి మందముగా పంపినచో పైన చెప్పిన తగ్గుదల స్పష్టముగా తెలియదు.

మూడవది: చెడిన సెల్లును, తలక్రిందుగా పెట్టిన సెల్లును, నింపరాని సెల్లును గుర్తించి నిరాకరించునా? పిల్లలున్న యింట ఈ గుణము తప్పక ఉండవలెను. ఐనను ఏ యంత్రమును ప్రతి పొరపాటును పట్టలేదు గనుక అక్షరములు చదువుట మానరాదు.

నాలుగవది: దానికి వలసిన విద్యుత్తు ఎచటినుండి వచ్చును? గోడకు తగిలించు అడాప్టరు ఉన్నచో దానిపై భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తును, ఆర్ అను అక్షరముతో మొదలగు సంఖ్యను చూచుకొనవలెను. యు.ఎస్.బి. తీగతో నడచునది అయినచో విద్యుత్తు పోయినపుడు పవర్ బ్యాంకుతో కూడ నడపవచ్చును.

ఈ చివరి మాట మన తీరవాసులకు ముఖ్యము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు అనేక ప్రాంతములు దినములకొలది చీకటిలో నుండెను. అట్టి సమయమున టార్చిలైటును, వృద్ధుల రక్తపుపోటు యంత్రమును నడుచుట విలాసము కాదు, అవసరము. పూర్వపు నికెల్ సెల్లులు నింపి ఊరక ఉంచినను కొన్ని వారములకే చాల శక్తిని పోగొట్టుకొనెడివి. 2005లో సాన్యో సంస్థ ఎనెలూప్ అను పేర వెలువరించిన రకము మొదలుకొని, ఏడాది ఉంచినను అధికభాగము నిలుపుకొను సెల్లులు వచ్చినవి. ఇపుడు పలు సంస్థలు అట్టివానిని చేయుచున్నవి. అంకె పెద్దదైన సెల్లే మేలని తలపరాదు. సాధారణముగా 2000 తరగతి సెల్లు 2500 తరగతిదానికంటె ఎక్కువ మాఱులు నింపుటకు ఓర్చును. డబుల్ ఏ సెల్లుపై 3000కు మించిన అంకె వ్రాసి యున్నచో నమ్మకుండుటయే మేలు.

అన్ని పనులకును ఇవి వలయునని మా అభిప్రాయము కాదు. గోడ గడియారమునకు ఒక సాధారణపు సెల్లు ఏడాది వచ్చును. అచట రీఛార్జబుల్ సెల్లు పెట్టుట దండుగ. త్వరగా సెల్లులను తినివేయు వస్తువులయందే లాభము. నెలకొకమాఱు నాలుగు సెల్లులను కోరు ఆటబొమ్మ ఏడాదికి 48 సెల్లులను తినును. నాలుగు బొమ్మలోను, నాలుగు నింపి పెట్టెలోను ఉంచినచో ఎనిమిది సెల్లులే కొన్ని యేండ్లు గడపును. వానిని సరిగా పోషించు ఛార్జరు ఉన్నపుడే సుమా!

కొన్ని జాగ్రత్తలు కూడ చెప్పవలసియున్నవి. క్రొత్త సెల్లును ప్రాతదానితో కలిపి వాడరాదు. బలహీనమైనది ముందుగా ఖాళీయై, తోడివాని ఒత్తిడికి చెడిపోవును. కొన్న తేదీని సెల్లుపై వ్రాసి, జతలను విడదీయక ఉంచవలెను. ఛార్జరును పఱుపుమీదను, తెరల చెంతను పెట్టక, గచ్చుమీదనో రాతి అరుగుమీదనో, మెలకువగా నున్న వేళ నడపవలెను. చెడిన సెల్లులను ఇంటి చెత్తతో కలుపరాదు. 2022లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన బ్యాటరీ వ్యర్థముల నియమములచే వానిని తిరిగి సేకరించి శుద్ధిచేయించు బాధ్యత తయారీదారులకు ఏర్పడినది. వేఱుగా దాచి సేకరించువారికి ఒప్పగించుట మన వంతు.

సెల్లులకు వెచ్చించి ఛార్జరునందు పొదుపు చూపుట, మంచి బియ్యము కొని మాడు కుండలో వండుటవంటిది. కావున ముందు ఛార్జరును చక్కగా విచారించి కొనుడు; పిదప సెల్లులను కొనుడు. చాలునని తెలిసి నిలుచు ఛార్జరు ఇంటి ధనమును కాపాడును. చీకటివేళ మన చేతి దీపమును నిలుపును.