పాస్‌వర్డ్‌లో అక్షరాలు ఎనిమిది.. ఊహించాల్సింది మాత్రం వందే! పిన్ పెట్టుకునే ముందు ఈ లెక్క తెలుసుకోండి

మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లిలో ఉండే ఓ పెద్దాయన ఆధార్ కాపీ కోసం జిరాక్స్ షాపుకు వెళ్లారనుకుందాం. షాపు కంప్యూటర్‌లో ఈ-ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేస్తారు, ప్రింట్ ఇస్తారు. ఆయన ఇంటికి వచ్చేస్తారు కానీ ఆ ఫైలు అక్కడే ఉండిపోతుంది. ‘దానికి పాస్‌వర్డ్ ఉంది కదా, ఎవరు తెరుస్తారు?’ అనుకుంటాం. అసలు విషయం ఇక్కడే ఉంది.

ఈ-ఆధార్ పాస్‌వర్డ్ ఎంత గట్టిది?

ఆ పాస్‌వర్డ్ ఎలా ఉంటుందో ఉడాయ్ (ఆధార్ సంస్థ) అందరికీ చెప్పింది. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, వాటి తర్వాత పుట్టిన సంవత్సరం. మొత్తం ఎనిమిది.

నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలతో సుమారు 457 కోట్ల పాస్‌వర్డ్‌లు తయారవుతాయి. చూడటానికి చాలా పెద్ద సంఖ్యే. కానీ ఫైలు ఎవరిదో తెలిసిన వ్యక్తికి పేరు తెలుసు. అంటే నాలుగు అక్షరాలు తేలిపోయాయి. మిగిలింది పుట్టిన సంవత్సరం. గత వందేళ్లు తీసుకున్నా 100 ప్రయత్నాలు చాలు. మనిషిని చూసి వయసు అంచనా వేస్తే పదో పదిహేనో సరిపోతాయి. పైగా ఫైలు వాళ్ల కంప్యూటర్‌లోనే ఉంది కాబట్టి ఎన్నిసార్లు తప్పు కొట్టినా లాక్ కాదు.

అంటే పాస్‌వర్డ్ బలం దాని పొడవును బట్టి మాత్రమే ఉండదు. ఎదుటివాళ్లు ఎన్ని ప్రయత్నాల్లో ఊహించగలరన్నదే అసలు లెక్క.

మరి యూపీఐ పిన్ సంగతి?

నాలుగంకెల పిన్‌కు 0000 నుంచి 9999 వరకు 10,000 అవకాశాలుంటాయి. సాధారణంగా మూడుసార్లు తప్పు కొడితే ఆ రోజుకు బ్లాక్ అవుతుంది. కాబట్టి అంకెలు నిజంగా యాదృచ్ఛికమైతే దొంగకు దొరికే అవకాశం 10,000లో 3 మాత్రమే.

కానీ మనం అలా ఎంచుకోం. 2012లో నిక్ బెర్రీ అనే విశ్లేషకుడు వివిధ సైట్ల నుంచి లీకైన 34 లక్షల నాలుగంకెల పాస్‌వర్డ్‌లను పరిశీలించారు. అందులో 1234 ఒక్కటే దాదాపు 11 శాతం. 1111 ఆరు శాతం. 0000ని కూడా కలిపితే ఈ మూడే 18 శాతం దాటాయి. అవి బ్యాంకు పిన్‌లు కావు. అయినా మనుషుల అలవాటు ఎలా ఉంటుందో అర్థమవుతుంది.

పుట్టిన తేదీ పెడితే? తేదీ, నెల కలిపి 366 అవకాశాలే. పుట్టిన సంవత్సరమైతే వంద లోపే. ఊళ్లలో చాలామంది పెద్దవాళ్లకు జనన ధ్రువపత్రం లేదు. అలాంటివాళ్లకు ఆధార్‌లో జనవరి 1 పడటం మామూలే. వాళ్లకు పుట్టిన తేదీనే పిన్‌గా పెడితే అది 0101 అవుతుంది. ఊహించడానికి కార్డు కూడా అక్కర్లేదు.

పుట్టిన తేదీ ఉన్న కార్డుతో సహా పర్సు పోతే, సగటున 11 నుంచి 18 పర్సులకు ఒకదానిలో ఏటీఎం పిన్‌ను దొంగ ఊహించగలడని 2012లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు అంచనా వేశారు.

తెలిసీ ఎందుకిలా చేస్తాం?

ఇది నిర్లక్ష్యం ఒక్కటే కాదు. మన జ్ఞాపకశక్తికి పరిమితి ఉంది. అప్పటికప్పుడు గుర్తుంచుకోగలిగేది దాదాపు ఏడు అంశాలని మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లోనే రాశారు. అందుకే మెదడు కొత్త అంకెల జోలికి పోకుండా ముందే తెలిసిన తేదీలను, బండి నంబర్లను పట్టుకుంటుంది.

కఠినమైన నియమాలు పెట్టినా ఇదే తంతు. ప్రత్యేక గుర్తు ఉండాలంటే పేరు చివర ‘@123’ చేరుస్తాం. మూడు నెలలకోసారి మార్చమంటే చివరి అంకె ఒక్కటి పెంచుతాం. అందుకే గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించడం వద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో సూచించింది. లీకైందని తెలిస్తే మాత్రం వెంటనే మార్చాలి.

ఏం చేయాలి?

• పిన్‌ను మనసులో అనుకోవద్దు, చీటీలు తీయండి. 0 నుంచి 9 వరకు పది చీటీలు రాసి కలపండి. ఒకటి తీసి, అంకె చూసి, మళ్లీ లోపల వేసి కలిపి ఇంకోటి తీయండి. తిరిగి వేయకపోతే 10,000 అవకాశాలు 5,040కి పడిపోతాయి. 1234 లాంటిదే వస్తే మళ్లీ తీయండి. మీ బ్యాంకులో ఆరంకెల పిన్ ఉంటే అదే తీసుకోండి. అప్పుడు అవకాశాలు 10 లక్షలు.

• ఈమెయిల్‌కు పొడవైన పాస్‌వర్డ్ పెట్టండి. సంబంధం లేని నాలుగు మాటలు కలిపితే చాలు. 7,776 మాటల జాబితా నుంచి పాచికలు వేసి నాలుగు తీస్తే దాదాపు 36 కోట్ల కోట్ల అవకాశాలు వస్తాయి. సినిమా పాట పల్లవి మాత్రం పనికిరాదు, అది అందరికీ తెలుసు.

• ఒకే పాస్‌వర్డ్‌ను అన్నిచోట్లా వాడొద్దు. ముఖ్యంగా ఈమెయిల్‌ది మరెక్కడా పెట్టొద్దు.

• బయట ఈ-ఆధార్ తీయిస్తే మీ ఎదుటే డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ రెండింటిలోనూ ఫైలు తీసేయించండి. పూర్తి నంబరు అవసరం లేని చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. వేలిముద్రలను లాక్ చేసుకోవచ్చు. అయితే రేషన్, పింఛన్ వేలిముద్రతో తీసుకునేవాళ్లు ఆ సమయానికి అన్‌లాక్ చేసుకోవాలి.

• పిన్‌ను ఫోన్ కవర్ వెనక రాసిపెట్టొద్దు. గుర్తుండని పెద్దవాళ్లకు రాసివ్వాల్సిందే అయితే ఆ కాగితం ఫోన్‌కు దూరంగా ఇంట్లో బీరువాలో ఉండాలి.

ఎంత మంచి పిన్ అయినా ఫోన్‌లో అడిగినవాళ్లకు చెప్పేస్తే లాభం లేదు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్లకు తప్పకుండా చెప్పండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఊళ్లో అమ్మానాన్నల ఫోన్‌లో పిన్ పెట్టింది మీరేనా? అది వాళ్ల పుట్టిన సంవత్సరమో, మీ పుట్టినరోజో అయితే ఈసారి వెళ్లినప్పుడు వాళ్ల పక్కన కూర్చుని మార్చేయండి.