సెఫ్ నిల్వ వ్యవస్థ సంసిద్ధత – తెలుగు డిజిటల్ గ్రంథాల పరిరక్షణ: ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
డిజిటల్ రూపం పొందిన తెలుగు గ్రంథాల మనుగడ, వాటిని నిల్వచేసే పద్ధతిపై ఆధారపడి ఉంటుంది. ఓపెన్ సోర్స్ పంపిణీ నిల్వ వ్యవస్థ అయిన ‘సెఫ్’ పనితీరును, వినియోగానికి దాని సంసిద్ధతను ఆ అవసరం దృష్ట్యా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: సెఫ్, పంపిణీ నిల్వ, ప్రతులు, డిజిటల్ గ్రంథాలయం, పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం:
హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఏర్పడింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల పథకంలో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకు ఈ సంస్థ ఒక ప్రధాన స్కానింగ్ కేంద్రంగా పనిచేసింది. అనేక తెలుగు గ్రంథాలు ఆ విధంగా డిజిటల్ రూపం పొందాయి. కాలక్రమంలో మూల వేదిక అందుబాటులో లేకుండా పోయింది. అయినా ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన ప్రతుల వల్ల వాటిలో చాలా పుస్తకాలు పరిశోధకులకు నేటికీ లభిస్తున్నాయి. స్కానింగ్ పూర్తయినంత మాత్రాన పరిరక్షణ పూర్తి కాదని ఈ అనుభవం తెలియజేస్తున్నది.

2. సెఫ్ పుట్టుక, పనితీరు:
సెఫ్ ఒక పీహెచ్‌డీ పరిశోధన ఫలితం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటాక్రజ్‌లో సేజ్ వీల్ చేసిన కృషి 2006లో పరిశోధన పత్రంగా, 2007లో సిద్ధాంత గ్రంథంగా వెలువడింది. సాధారణ సర్వర్ల డిస్కులన్నింటినీ కలిపి ఒకే నిల్వగా చూపడం దీని ప్రధాన లక్షణం.

గ్రంథాలయంలో పుస్తకం ఏ అరలో ఉందో సూచిక చూసి తెలుసుకుంటాం. సూచిక పోతే పుస్తకం ఉన్నా దొరకదు. సెఫ్‌లో ‘క్రష్’ అనే గణన సూత్రం ఉంది. దత్తాంశం పేరును, వ్యవస్థ పటాన్ని బట్టి అది ఏ డిస్కులో ఉండాలో ప్రతి యంత్రమూ స్వయంగా లెక్కకట్టుకుంటుంది. అందువల్ల ఒకే కేంద్ర సూచికపై భారం పడదు.

సాధారణంగా ప్రతి అంశానికి మూడు ప్రతులు వేర్వేరు సర్వర్లలో ఉంటాయి. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి పాఠాంతరాల సమస్య తెలిసిందే. ఇక్కడ ఆ సమస్య రాకుండా, ప్రతులన్నీ ఒకటిగా ఉండేలా వ్యవస్థ జాగ్రత్త పడుతుంది. మూడింటిలో రెండు పోయి ఒక్కటే మిగిలితే, సాధారణ అమరికలో ఆ భాగంపై చదవడం, రాయడం నిలిచిపోతాయి. ఇది లోపంగా కనిపించినా, నిజానికి రక్షణ.

3. సంసిద్ధత:
‘సిద్ధంగా ఉందా?’ అన్న ప్రశ్నను అంగాల వారీగా వేయాలి. తొలి స్థిర విడుదల ‘ఆర్గనాట్’ 2012లో వచ్చింది. 2006 పత్రానికి ప్రధానాంశమైన ఫైల్ సిస్టమ్ మాత్రం 2016లో ‘జ్యూవెల్’ విడుదలతోనే స్థిరమైనదిగా ప్రకటితమైంది. పరిశోధనకు, నమ్మదగిన వినియోగానికి మధ్య పదేళ్లు పట్టింది. ఐరోపాలోని సెర్న్ పరిశోధన సంస్థ సెఫ్‌ను పెద్ద ఎత్తున వినియోగిస్తున్నది. కాబట్టి నేడు సాఫ్ట్‌వేర్ పరిణతిని శంకించవలసిన పనిలేదు. సంస్థల సంసిద్ధతనే పరీక్షించుకోవాలి.

ఒక పుస్తకానికి 50 మెగాబైట్లు అనుకుంటే లక్ష పుస్తకాలకు 5 టెరాబైట్లు అవసరం. మూడు ప్రతులకు అది 15 టెరాబైట్లవుతుంది. దత్తాంశాన్ని నాలుగు భాగాలు చేసి, రెండు పునరుద్ధరణ భాగాలు చేర్చే ‘ఇరేజర్ కోడింగ్’ పద్ధతిలో 7.5 టెరాబైట్లు చాలు. ఏ రెండు భాగాలు పోయినా మూలాన్ని తిరిగి పొందవచ్చు. అయితే ఒక్కో భాగాన్ని ఒక్కో సర్వరులో ఉంచాలంటే కనీసం ఆరు సర్వర్లు కావాలి. ఇంత చిన్న నిల్వకు ఆ ఏర్పాటు భారమే. ఒక్క కళాశాలకు రెండు మూడు మామూలు ప్రతులే మేలు. పలు విశ్వవిద్యాలయాలు కలిసినప్పుడే సెఫ్ సార్థకమవుతుంది.

4. పరిమితులు:
మూడు ప్రతులు ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్లు కాదు. పొరపాటున ఒక ఫైలును తొలగిస్తే మూడు ప్రతులూ పోతాయి. సర్వర్లన్నీ ఒకే గదిలో ఉంటే అగ్నిప్రమాదమో, వరదో అన్నింటినీ ఒకేసారి దెబ్బతీస్తుంది. అందువల్ల వేరొక నగరంలో స్వతంత్ర ప్రతి ఉండాలి. మూడు సర్వర్లే ఉన్నచోట ఒకటి పాడైతే మూడో ప్రతిని పునర్నిర్మించడానికి తావుండదు. నాలుగో సర్వరు, ఖాళీ స్థలం ముందే సమకూర్చుకోవాలి. వీటన్నింటికంటే ముఖ్యంగా, డిస్కులు మార్చి, హెచ్చరికలు గమనించే శిక్షిత సిబ్బంది కావాలి.

5. ముగింపు:
సి.పి. బ్రౌన్ పండితులచేత ప్రతులు రాయించి తెలుగు కావ్యాలను కాపాడాడు. ప్రతులను పెంచడం, వాటిని వేర్వేరు చోట్ల ఉంచడం, నిరంతరం సరిచూడటం అనే సూత్రాలు నేటికీ వర్తిస్తాయి. సెఫ్ మొదటి రెండింటికి బలమైన సాధనం. సొంత దత్తాంశంలో చోటుచేసుకున్న లోపాలను కూడా నిర్ణీత వ్యవధుల్లో అది సరిచూసుకుంటుంది. అయితే ఒక పుట స్కాన్‌లోనే మసకబారి ఉంటే గుర్తించడం దానికి సాధ్యం కాదు. ఆ పని తెలుగు పరిశోధకులదే.